వెనుక చక్రాలకు డిస్కు బ్రేకులు: పొదుపు ఎంతవరకు?
పరుగెత్తే కారును ఆపడమంటే దాని గతిశక్తిని ఘర్షణ ద్వారా ఉష్ణంగా మార్చడమే. డ్రమ్ములో ఆ వేడి లోపలే నిలిచిపోతుంది. డిస్కు గాలికి త్వరగా చల్లారుతుంది. 1953లో ఫ్రాన్సులోని లె మాన్ పందెంలో జాగ్వార్ కారు డిస్కు బ్రేకులతో గెలిచిన పిదప వీటికి ఖ్యాతి కలిగింది. అందుకే వెనుక డ్రమ్ములు తీసివేసి, పాత సామాను అంగడి డిస్కులను చవకగా అమర్చుకోవాలని కొందరు తలపోస్తారు.

అయితే విద్యార్థులు ఒక సూత్రం గమనించాలి. బ్రేకు వేయగానే బరువు ముందుకు ఒరిగి, వెనుక చక్రాల పట్టు సడలుతుంది. అప్పుడు వెనుక బ్రేకు బలం మితిమీరితే ఆ చక్రాలే ముందుగా బిగుసుకొని కారు గిర్రున తిరుగుతుంది. పైగా డ్రమ్ములోని షూ తనంతట తాను మరింత ఒత్తుకొంటుంది. డిస్కుకు ఆ గుణం లేనందున అధిక పీడనం కావాలి. కనుక అదే మోడలులో వెనుక డిస్కులతో వచ్చిన కారు భాగాలనే, హ్యాండ్ బ్రేకు, మాస్టరు సిలిండరు, పీడనాన్ని పంచే వాల్వులతో సహా ఎన్నుకోవాలి. డిస్కు మందం కొలిచి పాతది వాడవచ్చు. ప్యాడ్లు, గొట్టాలు, సీళ్లు మాత్రం కొత్తవే కావాలి.

ఇంత సొమ్ము లేనివారు కొత్త షూలు వేయించి డ్రమ్ములనే బాగుచేయించుకోవడం మేలు. బ్రేకు శ్రమలో అధికభాగం ముందు చక్రాలదే కదా!