బురద చెప్పే సాక్ష్యం

మురుగుకాలువ సముద్రంలో కలిసేచోట సీసాడు నీళ్ళు ముంచి పరీక్షించారనుకుందాం. నీరు బాగానే ఉందని తేలింది. అంతమాత్రాన అక్కడి ప్రాణులు క్షేమమని అనగలమా? అనలేం. నిన్న రాత్రి వదిలిన మురుగును పోటు, ప్రవాహాలు ఈపాటికి ఎక్కడికో తీసుకుపోయి ఉండవచ్చు. పోనీ, చేపలను చూద్దామంటే, ఊపిరాడని చోటినుంచి అవి ఈదుకుంటూ వెళ్ళిపోగలవు. అలా వెళ్ళలేనివి అడుగు బురదలో బతికే పురుగులు, చిన్న చిన్న గుల్లలు. నెలల తరబడి అక్కడి మంచిచెడ్డలన్నీ అనుభవించేవి అవే. అందుకే శాస్త్రజ్ఞులు వాటినే సాక్షులుగా పిలుస్తారు.

పడవలోనుంచి ఇనుప దవడలున్న 'గ్రాబ్' అనే సాధనాన్ని దింపుతారు. అది అడుగును తాకి మూసుకొని బురదను పట్టుకొస్తుంది. ఆ బురదను సన్నని జల్లెడలో కడిగి, మిగిలిన ప్రాణులను జాతులవారీగా లెక్కపెట్టాలి. ఎంతో ఓపిక కావాలి సుమా!

ఆ లెక్కను ఎలా చదవాలో చూడండి. రెండు చోట్లా 200 ప్రాణులే దొరికాయనుకోండి. మొదటిచోట 20 జాతులు, ఒక్కొక్కటి 10 చొప్పున. రెండోచోట రెండే జాతులు: ఒకటి 190, రెండోది 10. కళ్ళు మూసుకొని రెండు ప్రాణులను తీస్తే, అవి వేర్వేరు జాతులవయ్యే అవకాశం మొదటిచోట నూటికి 95. రెండోచోట నూటికి 10 కూడా లేదు. వైవిధ్యాన్ని ఇలా కొలవవచ్చని 1949లో ఎడ్వర్డ్ సింప్సన్ చూపాడు. తలలు మాత్రమే లెక్కపెట్టి ఉంటే ఈ తేడా కనబడేదే కాదు.

ఇంత తేడా ఎందుకు? మురుగులోని పదార్థాలను బాక్టీరియా కుళ్ళబెట్టేటప్పుడు నీటిలో కరిగిన ఆక్సిజన్ ఖర్చవుతుంది. అది బాగా తరిగితే బురద నల్లబడి, కుళ్ళిన గుడ్ల వాసన వేస్తుంది. చాలా జాతులు నశిస్తాయి. వానపాముకు దూరపు చుట్టమైన కాపిటెల్లా కాపిటేటా అనే సన్నని ఎర్రపురుగు మాత్రం, పోటీ లేదు కదా అని, అక్కడే కుప్పలుగా పెరుగుతుంది! విశాఖపట్నం లోపలి హార్బరుకు సముద్రంతో సంబంధం ఒక ఇరుకు కాలువే. అందులో చేరిన మురికి తొందరగా బయటికి పోదు. ఆంధ్ర విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు పి. ఎన్. గణపతి, ఎ. వి. రామన్ 1970లలో అక్కడ ఈ పురుగునే కాలుష్యానికి గుర్తుగా పరిశీలించారు.

అయితే పురుగు కనబడగానే తీర్పు చెప్పకూడదు. మురుగు తగలని మరోచోట కూడా బురద తీసి పోల్చాలి. రెండు చోట్లా లోతు, నేల ఒకే రకంగా ఉండాలి. ఇసుకనేలను బురదనేలతో పోలిస్తే, కనబడిన తేడా మురుగుదో ఇసుకదో తెలియదు. కాలువ తవ్వకముందే ఒకసారి లెక్కపెట్టి ఉంచితే మరీ మంచిది. లేకపోతే, "ఇక్కడ మొదటినుంచీ ఇంతే" అనేవారికి ఏం చూపించగలం?