మోడ్‌లు పెరిగితే ఆట ఎందుకు తడబడుతుంది? కారణాన్ని కొలిచి పట్టుకునే పద్ధతి

మైన్‌క్రాఫ్ట్‌ను కంప్యూటర్‌లో ఆడేవారిలో చాలామంది అసలు ఆటతోనే ఆగిపోరు. కొత్త జంతువులు, యంత్రాలు, అడవులు, నీడలు, మెరుగైన బొమ్మలు తెచ్చిపెట్టే ‘మోడ్’లను ఒక్కొక్కటిగా కలుపుకుంటూ పోతారు. పది మోడ్‌లతో సాఫీగా నడిచిన ఆట యాభై దాటేసరికి కుదుపులకు లోనవుతుంది. కొన్నిసార్లు తెర క్షణంపాటు బిగుసుకుపోతుంది.

అప్పుడు సాధారణంగా మూడు పనులు జరుగుతాయి. కొందరు ర్యామ్ పెంచుతారు. కొందరు గ్రాఫిక్స్ కార్డు కొనాలంటారు. మరికొందరు అనుమానం వచ్చిన మోడ్‌ను తీసి పారేస్తారు. మొదటి రెండింటికీ డబ్బు ఖర్చవుతుంది. మూడో పనివల్ల నెలల తరబడి కట్టుకున్న ఆట ప్రపంచమే దెబ్బతినవచ్చు. ఈ మూడింటికంటే ముందు చేయవలసిన పని, ఖర్చులేని పని ఒకటుంది. అది కొలవడం.

మోడ్‌ల కలయికను ఎవరు పరీక్షించారు?

స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌కు చెందిన మోజాంగ్ సంస్థ ఆట ఇది. 2009లో తొలిసారి జనం ముందుకు వచ్చి, 2011 నవంబరులో పూర్తి రూపంలో విడుదలైంది. కంప్యూటర్‌లో ఆడే ‘జావా ఎడిషన్’ జావా భాషలో రాసినది. మోడ్ అంటే ఆ ఆటలోకి బయటివారు రాసి చేర్చే అదనపు ప్రోగ్రాం. ఫోర్జ్, ఫ్యాబ్రిక్ వంటి ‘మోడ్ లోడర్’లు ఈ ప్రోగ్రాంలను ఆటతో కలిపి నడిపిస్తాయి.

ప్రతి మోడ్ రచయితా తన మోడ్‌ను పరీక్షించే ఉంటారు. కానీ ఒక ఆటగాడు ఎంచుకున్న వంద మోడ్‌ల కలయికను అంతకుముందు ఎవరూ పరీక్షించి ఉండకపోవచ్చు. వంద మోడ్‌ల మధ్య ఏర్పడగల జంటలే 4,950. ఆటలోని ఒకే భాగాన్ని రెండు మోడ్‌లు రెండు రకాలుగా మార్చబోతే గొడవ తప్పదు. దృశ్యాన్ని గీసే భాగాన్ని మార్చే ఆప్టిఫైన్, సోడియం ఒకేచోట కలిసి పనిచేయకపోవడం ఇందుకు బాగా తెలిసిన ఉదాహరణ. రెండూ ఆటను వేగంగా నడపడానికి ఉద్దేశించినవే కావడం గమనార్హం.

ఆటలో రెండు గడియారాలు

‘ఆట నెమ్మదిగా ఉంది’ అనే ఒక్క మాట వెనుక రెండు వేర్వేరు సమస్యలు ఉండవచ్చు. ఆట లోపల రెండు గడియారాలు నడుస్తుంటాయి.

మొదటిది బొమ్మ గీసే గడియారం. తెరపై కనిపించే ఒక్కొక్క చిత్రాన్ని ‘ఫ్రేమ్’ అంటారు. సెకనుకు 60 ఫ్రేమ్‌లు రావాలంటే ఒక్కో ఫ్రేమ్‌ను సుమారు 16.7 మిల్లీసెకన్లలో గీయాలి. ఆలస్యమైతే కదలికలు తెగి తెగి కనిపిస్తాయి.

రెండోది ఆట ప్రపంచాన్ని నడిపే గడియారం. పంట పెరగడం, జంతువు నడవడం, యంత్రం తిరగడం వంటి లెక్కలన్నీ ‘టిక్’ అనే విడతల్లో జరుగుతాయి. మైన్‌క్రాఫ్ట్‌లో సెకనుకు 20 టిక్‌లు, అంటే ఒక్కో టిక్‌కు 50 మిల్లీసెకన్ల గడువు. లెక్కలకు 80 మిల్లీసెకన్లు పడితే సెకనుకు 12.5 టిక్‌లే నడుస్తాయి. ఆటలో ఒక పూర్తి రోజుకు 24,000 టిక్‌లు. మామూలుగా 20 నిమిషాల్లో ముగిసే ఆ రోజు అప్పుడు 32 నిమిషాలు సాగుతుంది. పగలగొట్టిన బ్లాక్ మళ్లీ ప్రత్యక్షమవుతుంది. జంతువులు ఆగి ఆగి నడుస్తాయి. అయినా కెమెరాను తిప్పి చూస్తే దృశ్యం మాత్రం చక్కగా కదులుతూ ఉండవచ్చు.

ఈ రెండో జబ్బుకు ఎంత ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు తెచ్చినా మందు కాదు. ఎందుకంటే టిక్ లెక్కలు చేసేది ప్రాసెసర్. అందుకే ఏ గడియారం వెనుకబడిందో తేల్చుకోవడమే తొలి మెట్టు.

సగటు దాచే నిజం

ఎఫ్3 మీట నొక్కితే సెకనుకు ఎన్ని ఫ్రేమ్‌లు వస్తున్నాయో తెరపై కనిపిస్తుంది. అయితే ఆ అంకె ఒక్కటే చాలదు. ఒక సెకనులో 59 ఫ్రేమ్‌లు తలా 10 మిల్లీసెకన్లలో, చివరి ఒక్కటీ 410 మిల్లీసెకన్లలో వచ్చాయనుకుంటే మొత్తం సరిగ్గా 1,000 మిల్లీసెకన్లు. లెక్క ప్రకారం సెకనుకు 60 ఫ్రేమ్‌లు వచ్చినట్టే. కానీ ఆడేవారికి దాదాపు అర సెకను ఆట ఆగిపోయినట్టు అనిపిస్తుంది.

అందువల్ల సగటుతోపాటు అత్యంత ఆలస్యమైన ఫ్రేమ్‌ను కూడా చూడాలి. ప్రతి ఫ్రేమ్‌కు పట్టిన సమయాన్ని గీతలుగా చూపే గ్రాఫ్ ఆటలోనే ఉంది. గీతలన్నీ ఒకేలా ఎత్తుగా ఉంటే యంత్రంపై నిరంతర భారం ఉన్నట్టు. పొట్టి గీతల మధ్య అక్కడక్కడా ఒకటి తాటిచెట్టులా లేస్తే, ఏదో పని అప్పుడప్పుడూ వచ్చి అడ్డుపడుతున్నట్టు.

ప్రాసెసరా, గ్రాఫిక్సా?

ఫ్రేమ్‌లే తగ్గుతుంటే, అలసిపోతున్నది ఎవరో ఒక చిన్న ప్రయోగంతో తెలుస్తుంది. ఫ్రేమ్‌ల సంఖ్యను తెర వేగానికి కట్టేసే ‘వీ-సింక్’ను ముందుగా ఆపాలి. తర్వాత తెర రిజల్యూషన్‌ను 1920×1080 నుంచి 1280×720కి తగ్గించాలి. గీయవలసిన పిక్సెళ్లు సుమారు 20.7 లక్షల నుంచి 9.2 లక్షలకు, అంటే సగానికన్నా తక్కువకు పడిపోతాయి. ఫ్రేమ్‌లు బాగా పెరిగితే భారం గ్రాఫిక్స్ మీద ఉన్నట్టు. పెద్దగా మార్పు లేకపోతే అసలు ఆలస్యం ప్రాసెసర్ దగ్గర ఉన్నట్టు.

గ్రాఫిక్స్ మీద భారం పెంచేవాటిలో ముఖ్యమైనవి రెండు. ఒకటి, వెలుగునీడలను సహజంగా చూపే ‘షేడర్’లు. నీడ ఎక్కడ పడాలో తెలియడానికి ఇవి దృశ్యాన్ని సూర్యుడి వైపు నుంచి కూడా మరోసారి గీస్తాయి. రెండోది, బ్లాక్‌ల మీద అతికించే బొమ్మలు, అంటే ‘టెక్స్‌చర్’లు. అసలు ఆటలో ఇవి 16×16 పిక్సెళ్లు. పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున ఒక్కోటి 1 కిలోబైట్. దాని స్థానంలో 512×512 బొమ్మ పెడితే 1 మెగాబైట్, అంటే 1,024 రెట్లు. అలాంటివి వెయ్యి చేరితే గ్రాఫిక్స్ మెమరీలో దాదాపు ఒక గిగాబైట్ వాటికే పోతుంది.

ప్రాసెసర్‌కు, గ్రాఫిక్స్‌కు కూడా భారమయ్యేది దృశ్య దూరం. ఆట ప్రపంచం 16×16 బ్లాక్‌ల ‘చంక్’లుగా విభజించి ఉంటుంది. ఆటగాడి చుట్టూ 8 చంక్‌ల దూరం చూపాలంటే 17×17, అంటే 289 చంక్‌లు కావాలి. దూరాన్ని 16కు పెంచితే అవి 1,089 అవుతాయి. దూరం రెట్టింపైతే పని దాదాపు నాలుగు రెట్లవుతుంది. మోడ్ మీద నింద వేసే ముందు ఈ ఒక్క అమరికను తగ్గించి చూడటం మంచిది.

ర్యామ్ ఎంత ఇస్తే అంత మేలా?

జావా ప్రోగ్రాంలు నడుస్తూ లక్షలాది తాత్కాలిక వస్తువులను మెమరీలో సృష్టిస్తాయి. పని అయిపోయినవాటిని ఏరి తీసేసే బాధ్యత ‘గార్బేజ్ కలెక్టర్’ది. లిస్ప్ భాష కోసం జాన్ మెకార్తీ 1959 ప్రాంతంలో రూపొందించిన ఆలోచన ఇది. ఈ ఊడ్పులో కొన్ని దశలు పూర్తయ్యేదాకా ప్రోగ్రాం ఆగి నిలబడాలి. గ్రాఫ్‌లో తాటిచెట్టులా లేచే గీతలకు ఇదొక ముఖ్య కారణం.

ఆటకు ఇచ్చిన ర్యామ్ మరీ తక్కువైతే ఊడ్పు పదేపదే జరుగుతుంది. అలాగని ఉన్నదంతా ఇచ్చేయడమూ తప్పే. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో ఆటకే 6 జీబీ కేటాయిస్తే ఆపరేటింగ్ సిస్టమ్‌కు, బ్రౌజర్‌కు మిగిలేది 2 జీబీ. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లలో గ్రాఫిక్స్ కూడా అదే ర్యామ్‌ను పంచుకుంటుంది. చోటు చాలక ఆపరేటింగ్ సిస్టమ్ కొంత సమాచారాన్ని డిస్క్‌లోకి నెడుతుంది. ర్యామ్‌కన్నా డిస్క్ ఎన్నో రెట్లు నెమ్మది కాబట్టి కుదుపులు తగ్గకపోగా పెరుగుతాయి.

ఎఫ్3 తెరపై మెమరీ వాడకం కూడా కనిపిస్తుంది. అది మెల్లగా పెరిగి ఒక్కసారి పడిపోవడం, మళ్లీ పెరగడం మామూలే. పడిపోయిన తర్వాత కూడా నిండుగానే ఉంటే ర్యామ్ చాలడం లేదు. ఆటగాడు ఒకేచోట ఉన్నా, పడిపోయే అడుగుమట్టం గంట గంటకూ పైకి జరుగుతుంటే ఏదో మోడ్ అవసరం తీరిన సమాచారాన్ని వదలడం లేదని అనుమానించాలి. అటువంటప్పుడు ర్యామ్ పెంచితే సమస్య తీరదు, వాయిదా పడుతుందంతే.

పరీక్షకు ముందు జాగ్రత్తలు

మోడ్‌లను తీసి చూసే ముందు ఆట ప్రపంచం ఉన్న ఫోల్డర్‌ను వేరేచోట కాపీ చేసి పెట్టుకోవాలి. ఒక మోడ్ తెచ్చిన బ్లాక్‌లతో ఇల్లు కట్టి, ఆ మోడ్ లేకుండా అదే ప్రపంచాన్ని తెరిచి సేవ్ చేస్తే ఆ బ్లాక్‌లు పోతాయి. మోడ్‌ను తిరిగి చేర్చినా అవి వెనక్కి రావు. పరీక్షలన్నీ కాపీలోనే జరగాలి. ప్రతి పరీక్షకూ కొత్త కాపీ వాడాలి.

పరిస్థితులు కూడా ప్రతిసారీ ఒకేలా ఉండాలి. అదే ప్రపంచం, అదే చోటు, అదే దృశ్య దూరం, అంతే సమయం. ఒకసారి ఎడారిలో, మరోసారి జంతువులతో నిండిన పాకలో కొలిస్తే ఆ అంకెలను పోల్చలేం. ఆట తెరిచిన తొలి నిమిషాల్లో ఫైళ్లు చదవడం, ప్రోగ్రాంను యంత్రభాషలోకి మార్చడం వంటి పనులు జరుగుతుంటాయి కాబట్టి కాసేపు ఆగి కొలవాలి.

వేడినీ మరచిపోకూడదు. ల్యాప్‌టాప్ ప్రాసెసర్ బాగా వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. పావుగంట బాగా నడిచి తర్వాత మందగిస్తే, తెలుగు రాష్ట్రాల ఎండాకాలంలో తలుపులు మూసిన గదిలో, పరుపు మీద పెట్టిన ల్యాప్‌టాప్‌ను ముందుగా అనుమానించాలి. చార్జర్ తీసేసినా చాలా ల్యాప్‌టాప్‌లు వేగం తగ్గిస్తాయి.

సగానికి సగం వెతుకులాట

టిక్ ఆలస్యమైతే ‘స్పార్క్’ వంటి ప్రొఫైలర్ మోడ్ సాయపడుతుంది. ఏ పనికి ఎంత సమయం పోతోందో అది విడగొట్టి చూపుతుంది. ఒక టిక్‌కు 80 మిల్లీసెకన్లు పడుతున్నచోట 8 మిల్లీసెకన్లు తినే మోడ్‌ను తీసేస్తే మిగిలేది 72. గడువు 50 కాబట్టి ఫలితం లేదు. 40 తింటున్న మోడ్‌ను సరిచేస్తే సమస్య తీరిపోతుంది. అంటే చేయి పెట్టవలసింది పెద్ద వాటా ఉన్నచోటే.

ప్రొఫైలర్‌కు చిక్కని కుదుపులకు ‘బైనరీ సెర్చ్’ ఉంది. 128 మోడ్‌లలో దోషి ఒకటే అయితే, ఒక్కొక్కటి తీసి చూస్తే 127 పరీక్షలు అవసరం కావచ్చు. బదులుగా సగం తీసేసి, 64తో ఆడి చూడాలి. సమస్య ఉంటే దోషి అందులోనే ఉంది, లేకుంటే తీసేసిన సగంలో ఉంది. ఆ సగాన్ని మళ్లీ సగం చేయాలి. ఏడు పరీక్షల్లో దోషి దొరుకుతుంది. కొన్ని మోడ్‌లకు ఆధారంగా ఉండే ‘లైబ్రరీ’ మోడ్‌లను మాత్రం రెండు వైపులా ఉంచాలి. ఒక ప్రోగ్రాంలో తప్పు ఏ మార్పుతో మొదలైందో కనుగొనడానికి సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు ‘గిట్’లో బైసెక్ట్ ఆదేశం వాడేది కూడా ఈ పద్ధతిలోనే.

రెండు సగాలూ విడివిడిగా బాగానే నడిచి, కలిపితేనే చెడిపోతే రెండు అవకాశాలున్నాయి. మోడ్‌లు కలిపేకొద్దీ ఆలస్యం కొంచెం కొంచెంగా పెరిగితే అది మొత్తం భారం. ఏ ఒక్కదాని తప్పూ కాదు. ఒక మోడ్ చేరగానే ఒక్కసారి ఎగబాకితే అది ఘర్షణ. అప్పుడు ఒక సగాన్ని కదపకుండా ఉంచి, రెండో సగాన్ని సగం చేస్తూ పోతే జంటలో ఒకటి దొరుకుతుంది. తర్వాత దాన్ని ఉంచి, మొదటి సగంలో వెతికితే రెండోది దొరుకుతుంది.

దోషి దొరికిందనుకున్నాక చివరి పరీక్ష ఒకటుంది. దాన్ని తీస్తే సమస్య పోవాలి, తిరిగి పెడితే మళ్లీ రావాలి. ఒక్కసారి తీయగానే బాగుపడటం కాకతాళీయం కావచ్చు. రెండు మూడుసార్లు అలాగే జరిగితేనే నమ్మాలి. అప్పుడు ఆ మోడ్ కొత్త వెర్షన్ కోసం చూడవచ్చు, అమరికలు మార్చవచ్చు, లేదా కొలిచిన అంకెలతో సహా దాని రచయితకు తెలియజేయవచ్చు. ‘ఆట నెమ్మదిగా ఉంది’ అని రాస్తే రచయిత చేయగలిగింది తక్కువ. ‘ఈ మోడ్ ఉంటే టిక్‌కు 80 మిల్లీసెకన్లు, లేకపోతే 40’ అని రాస్తే ఎక్కడ వెతకాలో ఆయనకు తెలుస్తుంది.