ఇంటి విత్తనం

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మనలో ఒక సామెత ఉంది. చేరువలో ఉన్నదాని విలువను మనిషి గుర్తించడని దాని భావం. ఈ మాట మందుమొక్కకే కాదు, మన తిండిగింజకూ వర్తిస్తుంది. తన నేల ఏమి పండించగలదో మరచి, దూరం నుంచి వచ్చే బస్తా కోసం ఎదురుచూసే పల్లెకు స్వాతంత్ర్యం సంపూర్ణం కాదు. ఈ సత్యాన్ని ఆచరణలో నిరూపించినవారు జహీరాబాదు ప్రాంతపు పేద మహిళలు.

ఒకప్పుడు మెదక్ జిల్లాలో ఉండి, 2016లో సంగారెడ్డి జిల్లాలో చేరిన ఈ ప్రాంతంలో మెట్టనేలలే అధికం. జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది, అనుము ఇక్కడి తరతరాల పంటలు. 1983లో రాష్ట్రంలో కిలో రెండు రూపాయల బియ్యం పథకం అమలులోకి వచ్చింది. అది ఎందరో పేదల ఆకలి తీర్చిందన్నది నిజం. అయితే చవుక బియ్యం రాకతో జొన్నరొట్టె క్రమంగా కంచం నుంచి తొలగింది. తినేవారు తగ్గిన పంటను పండించేవారూ తగ్గారు. పేదల చేతిలోని రాతినేలలు ఎన్నో బీళ్లయ్యాయి.

అదే 1983లో పస్తాపూరు కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఏర్పడింది. దాని అండతో ఊరూరా దళిత మహిళలు సంఘాలుగా కూడారు. 1990వ దశకంలో వారు బీడుభూములను సాగులోకి తెచ్చే పని చేపట్టారు. దున్నకానికి, ఎరువుకు రైతులకు అప్పు ఇచ్చి, దానిని ధాన్య రూపంలోనే తిరిగి తీసుకొన్నారు. ఆ జొన్నలను ఊళ్లోనే నిలువచేసి, పనులు దొరకని నెలల్లో పేదలకు తక్కువ ధరకు అందించారు. ఏ ఇంట పొయ్యి వెలగడం కష్టమో ఊరి స్త్రీలకు తెలిసినంతగా మరెవరికి తెలుస్తుంది?

వీరి సాగులో రెండు విశేషాలున్నాయి. మొదటిది పంటల కలయిక. ఒకే చేనిలో పదికి మించిన రకాలు కలిపి విత్తుతారు. వాన ముఖం చాటేసి ఒక పంట దెబ్బతిన్నా, లోతుగా వేరూనే కంది వంటి మరొకటి నిలుస్తుంది. పప్పుజాతి మొక్కలు నేలకు నత్రజనిని సమకూరుస్తాయి. రసాయనాలు చల్లని ఆ చేలలో తుమ్మికూర, దొగ్గలికూర ఎవరూ విత్తకుండానే మొలిచి కూరకు వస్తాయి.

రెండవది విత్తన సంరక్షణ. మేలైన గింజలను ఏరి, బూడిద, వేపాకు కలిపి బుట్టల్లో భద్రపరుస్తారు. అడిగినవారికి అమ్మరు, బదులిస్తారు. తీసుకొన్నవారు పంట చేతికి వచ్చాక అంతకు మించి కొలిచి ఇస్తారు. ఏటా సంక్రాంతి వేళ ప్రారంభమయ్యే పాత పంటల జాతరలో ఈ విత్తనాలే ఎడ్లబండ్లపై ఊరేగుతాయి. నిన్నటి కూలి నేడు ఊరికి విత్తనమిచ్చే దాత అయింది. ఈ సంఘాల కృషికి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమపు ఈక్వేటర్ పురస్కారం లభించింది.

చేను లేనివారికి పెరడు ఉంది. గిన్నెలు కడిగిన నీరు పారే చోట అరటి, బొప్పాయి పెరుగుతాయి. గోడవార ఒక మునగ, పందిరిపై బీర, రెండు మళ్లలో గోంగూర, చుక్కకూర ఉంటే కూరలకు కొదవ ఉండదు. ముదిరిన బీరకాయను తీగపైనే ఎండనిచ్చి చూరుకు వేలాడదీస్తే, మరుసటి ఏటి విత్తనం కొనవలసిన పనిలేదు.

అంగడిలో కొన్నది ఆకలిని తీర్చవచ్చు. కాని విత్తనం మన చేతిలో ఉన్నప్పుడే రేపటి అన్నం మనది అవుతుంది.

అర్థాలు
మెట్టనేల : వర్షాధారంగా సాగయ్యే భూమి
బీడు : సాగులో లేని నేల
బదులు : తిరిగి ఇచ్చే ఒప్పందంపై ఇచ్చేది
చూరు : ఇంటి కప్పు అంచు

ప్రశ్నలు
1. జొన్న సాగు తగ్గడానికి కారణమేమి?
2. పంటలను కలిపి విత్తడం వల్ల కలిగే మేలును వివరించండి.
3. ‘నిన్నటి కూలి నేడు దాత అయింది’ – ఈ వాక్యాన్ని సమర్థించండి.