జంట మార్గాల మర్మము: అల్ప ఓల్టేజి భేద సంకేతాలకు సర్క్యూట్ బోర్డు

సంకేతాన్ని పంపడానికి ఒక తీగ, దానికి తోడు గ్రౌండు ఉంటే చాలునని మనం తొలి పాఠాలలో చదువుకొంటాము. సెకనుకు కోట్ల కొలది బిట్లు ప్రయాణించవలసి వచ్చినప్పుడు ఆ ఏర్పాటు నిలువదు. గ్రౌండులో కలిగే ప్రతి చిన్న అలజడీ సంకేతంలో చేరిపోతుంది. అందుచేతనే రెండు తీగలు వాడి, వాటి మధ్యనున్న ఓల్టేజి భేదాన్నే సంకేతంగా గ్రహించే పద్ధతి వచ్చినది. అందులో మిక్కిలి ప్రచారం పొందినది ఎల్.వి.డి.ఎస్. అనబడే అల్ప ఓల్టేజి భేద సంకేత విధానము. 1990 దశకంలో టి.ఐ.ఎ.-644 ప్రమాణంగా రూపొంది, 2001లో సవరణ పొందిన ఈ విధానం ల్యాప్‌టాప్ తెరలకు చిత్రాలను చేరవేయడంలో చాలాకాలం రాజ్యమేలినది.

దీని పనితీరు సులభమైనదే. డ్రైవరు సుమారు 3.5 మిల్లీ ఆంపియర్ల ప్రవాహాన్ని ఒక ట్రేసు గుండా పంపుతుంది. అది రిసీవరు వద్దనున్న 100 ఓమ్‌ల నిరోధకం గుండా పోయి, రెండవ ట్రేసు మీదుగా తిరిగి వస్తుంది. ఓమ్ నియమం ప్రకారం నిరోధకం కొనల మధ్య 350 మిల్లీ ఓల్టులు ఏర్పడతాయి. ప్రవాహదిశ మారితే ఒకటి సున్న అవుతుంది. రిసీవరు గుర్తించడానికి 100 మిల్లీ ఓల్టుల భేదం చాలు. బయటి అలజడి రెండు ట్రేసులపైనా సమంగా పడితే, తీసివేతలో అది మాయమవుతుంది.

“సమంగా” అన్న ఆ ఒక్క మాటలోనే బోర్డును రూపొందించేవారి బాధ్యత అంతా ఇమిడి ఉన్నది. జోడెడ్లలో ఒకటి ముందు, ఒకటి వెనుక నడిస్తే నాగటిచాలు వంకరపోవడం మనకు తెలియనిది కాదు.

మొదట అవరోధం సంగతి. జంట యొక్క భేద అవరోధం నిరోధకంతో సరిపోయి 100 ఓమ్‌లు ఉండవలెను. లేనిచో తరంగంలో కొంత భాగం పరావర్తనం చెందుతుంది. ఈ అవరోధం ట్రేసు వెడల్పుపైన, క్రింది గ్రౌండ్ ప్లేనుకు గల దూరంపైన, ఫలకపు రోధక స్థిరాంకంపైన ఆధారపడుతుంది. ట్రేసుల నడిమి ఖాళీపైన కూడా ఆధారపడుతుందన్నదే క్రొత్తవారు మరచే విషయం. రోధక స్థిరాంకం 4.3 గల గ్లాస్ ఎపాక్సీ ఫలకాన్ని తీసుకొందాము. ట్రేసు వెడల్పు 0.2 మి.మీ., రాగి మందం 0.035 మి.మీ., ప్లేనుకు దూరం 0.2 మి.మీ. వాడుకలోనున్న ఉజ్జాయింపు సూత్రాల ప్రకారం విడి ట్రేసు అవరోధం 66 ఓమ్‌లు. నడుమ 0.15 మి.మీ. ఖాళీ ఉంచితే జంట అవరోధం సుమారు 101 ఓమ్‌లు వస్తుంది. దారిలో అడ్డువచ్చిన రంధ్రాన్ని తప్పించడానికి ఆ ఖాళీని 0.6 మి.మీ.కు పెంచితే అది 128 ఓమ్‌లకు చేరుతుంది. రాగి మారలేదు, ఫలకం మారలేదు, ఖాళీ మాత్రమే మారినది! విడిపోయిన చోట దాదాపు 12 శాతం వెనుకకు మళ్లగలదు.

అయినా బెంబేలు పడనక్కరలేదు. సంకేతం ఒక స్థాయి నుండి మరొక స్థాయికి మారడానికి 0.4 నానోసెకన్లు పట్టినదనుకొంటే, ఆ వ్యవధిలో అది బోర్డుపై 6 సెం.మీ.కు పైగా పోతుంది. 2 మి.మీ. ఎడబాటు దానికి లెక్కలోనిది కాదు, 5 సెం.మీ. ఎడబాటు తప్పక లెక్కకు వస్తుంది. రంధ్రం దాటిన వెంటనే జంటను కలపవలెను.

పొడవులోని తేడా ఇంతకంటె మోసకరమైనదని మా అభిప్రాయం. పై పొరలో 1 మి.మీ.కు సుమారు 6 పికోసెకన్ల ఆలస్యం. ఒక ట్రేసు 10 మి.మీ. ఎక్కువైతే 60 పికోసెకన్లు. ప్రమాణం సూచించిన గరిష్ఠ వేగం సెకనుకు 655 మెగాబిట్లు; అప్పుడు ఒక బిట్టు వ్యవధి 1,527 పికోసెకన్లు కనుక బిట్టు చెడదు. కాని ఆ 60 పికోసెకన్లపాటు రెండు ఓల్టేజిలు ఎదురెదురుగా గాక ఒకే వైపు ఒరుగుతాయి, జంట చిన్న యాంటెన్నాగా మారి చుట్టుప్రక్కల సర్క్యూట్లను బాధిస్తుంది. తేడా ఎక్కడ పుట్టినదో అక్కడే, మలుపు ప్రక్కనే, పొట్టి ట్రేసుకు చిన్న వంపులిచ్చి సరిచేయవలెను. దూరాన సరిచేస్తే నడిమి భాగమంతా అసమంగానే ఉండిపోతుంది.

జంట ఉన్నది గనుక గ్రౌండుతో పని లేదనే మాట తరచు వినవస్తుంది. అది సరికాదు. పై ఉదాహరణలో ప్లేనుకు దూరం, ట్రేసుల ఖాళీ ఇంచుమించు సమానమే. కనుక ప్రతి ట్రేసు తిరుగు ప్రవాహంలో పెద్ద భాగం ప్లేనులోనే నడుస్తుంది. చీలిక ఉన్న ప్లేనుపై జంటను దాటించరాదు.

నిరోధకాన్ని రిసీవరు కాళ్లకు వీలైనంత చేరువగా అమర్చవలెను. కొన్ని రిసీవర్లలో అది లోపలనే ఉంటుంది. అది చూడక బయట మరొకటి పెడితే మొత్తం 50 ఓమ్‌లై, సంకేతం 175 మిల్లీ ఓల్టులకు పడిపోతుంది. ట్రేసు గీయక మునుపే రిసీవరు వివరపత్రంలో ఆ పంక్తిని వెదకవలెను.