సిగ్గుపడి అడగని సందేహాలు

జంగారెడ్డిగూడెం మొదలు మన పట్టణాల్లో ఏ ఊరు తీసుకున్నా, గోడల మీద ‘నరాల బలహీనత’, ‘యవ్వనంలో చేసిన తప్పులు’ అంటూ మందులమ్మే ప్రకటనలు కనిపిస్తూనే ఉంటాయి. ఇటువంటి మందుల ప్రకటనలను 1954 నాటి చట్టం నిషేధించింది. అయినా మన పిల్లలు వాటినే నమ్ముతున్నారు. ఎందుకంటే ఇంట్లో అడిగే వీలు లేదు.

ఈ మౌనాన్ని హయా (సిగ్గు, లజ్జ) అనుకుంటున్నాం. కాని మదీనాలో జరిగింది వేరు. హజ్రత్ ఉమ్మె సులైమ్ (రజి) స్వయంగా దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి, స్త్రీకి కలలో స్ఖలనమైతే గుస్ల్ చేయాలా అని అడిగారు. తడి కనిపిస్తే చేయాలని ఆయన (స) బదులిచ్చారు. హజ్రత్ అలీ (రజి)కి మజీ ఎక్కువగా వచ్చేది. మామగారిని అడగడానికి మొహమాటపడి, హజ్రత్ మిఖ్దాద్ (రజి) చేత అడిగించారు. కడుక్కుని వుజూ చేస్తే చాలని జవాబు వచ్చింది. సిగ్గు ఉంది, ప్రశ్నా ఆగలేదు!

కలలో స్ఖలనం (ఇహ్తిలామ్) రోగం కాదు, పాపమూ కాదు. గుస్ల్ చేస్తే సరి. రమజాన్ పగటి నిద్రలో జరిగినా ఉపవాసం భంగం కాదు. నూరు చుక్కల రక్తం ఒక చుక్క వీర్యమవుతుందన్న మాట అబద్ధం. శరీరం దాన్ని నిత్యం తయారు చేస్తూనే ఉంటుంది. వీర్యం పోతోందన్న దిగులుతో నీరసించే స్థితికి 1960లో డాక్టర్ విగ్ ‘ధాత్ సిండ్రోమ్’ అని పేరు పెట్టారు. అక్కడ చికిత్స కావలసింది దిగులుకు.

హస్తప్రయోగాన్ని ఉలమాలలో అత్యధికులు నిషిద్ధమన్నారు. అలవాటుపడినవారు తౌబా చేసుకోవాలి. పెళ్ళి స్తోమత లేని యువకులకు ప్రవక్త (స) ఉపవాసాలు సూచించారు. అయితే దానివల్ల నపుంసకత్వం వస్తుందని భయపెట్టడం ధర్మమూ కాదు, వైద్యమూ కాదు. ఆ భయంతోనే కొందరు నికాహ్‌ను వాయిదా వేసుకుంటున్నారు.

ఆడపిల్లకు బహిష్టు గురించి అమ్మీయే ముందుగా చెప్పాలి. ఆ రోజుల నమాజులకు ఖజా లేదు, ఉపవాసాలకు ఉంది. తెల్లబట్ట అప్పుడప్పుడు కావడం సహజమే. దురద, దుర్వాసన ఉంటే మాత్రం డాక్టరమ్మకు చూపించాలి.

10 నుంచి 19 ఏళ్ళవారి కోసం కేంద్రం 2014లో ప్రారంభించిన కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో సలహా కేంద్రాలు పెట్టారు. మూత్రంలో మంట, పుండ్లు, చీము కనిపిస్తే ఆలస్యం చేయకండి. అబ్బాయికి వృషణంలో హఠాత్తుగా తీవ్రమైన నొప్పి వస్తే మటుకు తెల్లవారేదాకా ఆగవద్దు. అది మెలిపడి ఉంటే దాదాపు ఆరు గంటల లోపే ఆపరేషను జరగాలి.