కోస్ట్ గార్డ్: స్మగ్లింగ్ వేటలో వినిపించే మాటలు
నిజామాబాద్–బోధన్ దారిలోని ఎడపల్లికి సముద్రం దూరమే, పోటీ పరీక్ష ప్రశ్నపత్రానికి మాత్రం ఆ పట్టింపు లేదు. రుస్తుంజీ కమిటీ సిఫార్సుతో 1977 ఫిబ్రవరి 1న తాత్కాలికంగా మొదలైన కోస్ట్ గార్డ్‌కు 1978 చట్టం చట్టబద్ధత ఇచ్చింది.

నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. గంటకు అంత దూరం వెళ్తే ఒక నాట్ వేగం. తీరపు ఆధార రేఖ నుంచి 12 నాటికల్ మైళ్లు ప్రాదేశిక జలాలు, 24 వరకు కంటిగ్యువస్ జోన్, 200 వరకు ప్రత్యేక ఆర్థిక మండలం. చాలామంది 200 గుర్తు పెట్టుకుని 24ను వదిలేస్తారు. అంతర్జాతీయ సముద్ర చట్టం కస్టమ్స్ ఉల్లంఘనలను అడ్డుకునే అధికారం ఇచ్చేది అక్కడిదాకానే; భారత కస్టమ్స్ చట్టం మాత్రం 2018లో తన పరిధిని 200 దాకా పెంచింది.

‘హాట్ పర్స్యూట్’ అంటే మన జలాల్లో మొదలై, మధ్యలో తెగకుండా బహిరంగ సముద్రంలోకి సాగే వెంబడింపు. పారిపోతున్న ఓడ తన దేశపు లేదా మరో దేశపు ప్రాదేశిక జలాల్లోకి చేరగానే ఆ హక్కు ముగుస్తుంది. ఉనికిని తెలిపే ఏఐఎస్ పరికరాన్ని ఆపేసి తిరిగేది ‘డార్క్ షిప్’. తనిఖీకి ఓడలోకి ఎక్కడం ‘బోర్డింగ్’.