నిమజ్జనానికి వెళ్తూ ఒక ఫ్లాస్కు వేడినీళ్ళు

చెల్లెమ్మలూ, వినాయక చవితి దగ్గరపడిందంటే లింబాయత్, ఉధ్నా, గోడాదరా గల్లీల్లో మన తెలుగువాళ్ళ ఇళ్ళు ఎలా ఉంటాయో మీకు నేను చెప్పాలా! చిన్న విగ్రహాలను సూరత్ కార్పొరేషన్ తవ్వించే కుంటల్లో కలిపేస్తాం. పెద్ద విగ్రహాలు డుమస్ వైపో హజీరా వైపో సముద్రానికి వెళ్తాయి. వాటి వెనకే మన పిల్లలు, తమ్ముళ్ళు ఉత్తకాళ్ళతో మోకాటి లోతు నీళ్ళలోకి దిగుతారు. ఈసారి ఆ కాళ్ళ గురించి మాట్లాడుకుందాం.

మన పెద్దలు మగ్గాల పని కోసం తెలంగాణ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. వాళ్ళకు చెరువు తెలుసు, వాగు తెలుసు, సముద్రం తెలియదు. తేలు కుడితే ఏం చేయాలో మన ఇళ్ళల్లో తలా ఒక మాట చెప్తారు. టేకు చేప ముల్లు గుచ్చుకుంటే ఏం చేయాలని అడగండి, ఎవ్వరూ నోరు విప్పరు. స్టింగ్‌రే అని టీవీలో చూపిస్తారే, కోస్తావాళ్ళు దాన్నే టేకు చేప అంటారు. పళ్ళెంలా బల్లపరుపుగా ఉండి అడుగున బురదలో ఒదిగి పడుకుంటుంది. తనంతట తాను వచ్చి ఎవరినీ ఏమీ చేయదు, తొక్కితే మాత్రం తోక విసురుతుంది. ఆ తోక మీద రంపపు పళ్ళలాంటి ముల్లు, దానికి విషం. ఖంభాత్ అఖాతం వైపు నీళ్ళు ఎప్పుడూ బురదరంగే కదా, అడుగున ఏముందో ఎంత కళ్ళున్నవాళ్ళకైనా కనబడదు.

2013 సెప్టెంబరులో ముంబై గిర్‌గావ్ చౌపాటీలో ఇదే జరిగింది. గణపతిని సాగనంపడానికి నీళ్ళలోకి దిగిన భక్తులు టేకు చేప ముళ్ళు గుచ్చుకుని పదులకొద్దీ గాయపడి ఆసుపత్రులకు వెళ్ళాల్సి వచ్చింది. మన డుమస్‌లోనూ అలా జరిగి తీరుతుందని భయపెట్టడం లేదు. అదే పడమటి తీరం, అదే పండగ, అవే ఉత్తకాళ్ళు. అందుకే నా మనసు ఊరుకోవడం లేదు.

ఇక మందు మాట. చెబితే ఇంతేనా అంటారు: వేడినీళ్ళు. టేకు చేప విషంలో మాంసకృత్తులుంటాయి. గుడ్డు ఉడికితే తెల్లసొన గుణం మారిపోయినట్టు, వేడికి ఆ విషం బలం తగ్గుతుంది. గాయమైన కాలిని ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో, అంటే 40 నుంచి 45 డిగ్రీల మధ్య, అరగంట నుంచి గంటన్నర దాకా ఉంచాలి. ఇక్కడే జాగ్రత్త కావాలి. నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషికి ఆ కాలిలో వేడి సరిగ్గా తెలియదు, తెలియకుండానే బొబ్బలెక్కుతాయి. కాబట్టి ముందు మీ చెయ్యి పెట్టి చూడండి, తర్వాత దెబ్బ తగలని రెండో కాలు పెట్టించి చూడండి. నీళ్ళు చల్లారి మళ్ళీ వేడివి కలపాలంటే కాలు బయటికి తీయించాకే పోయండి. రక్తం బాగా కారుతుంటే ముందు శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టాలి. నొప్పి తగ్గినా ఆసుపత్రికి వెళ్ళాల్సిందే. ముల్లు ముక్క లోపల ఉండిపోతే చీము పడుతుంది, టెటనస్ ఇంజెక్షన్ కూడా కావాలి. ముల్లు ఛాతీలోనో కడుపులోనో దిగితే ఎట్టి పరిస్థితిలోనూ లాగకండి, కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. 2006లో ఆస్ట్రేలియా టీవీ ఆయన స్టీవ్ ఇర్విన్ ప్రాణం తీసింది ఛాతీలో దిగిన అలాంటి ముల్లే.

ఈ వేడినీళ్ళ వైద్యం వంటింట్లోనూ పనికొస్తుంది తెలుసా? సముద్రపు జెల్లలు శుభ్రం చేస్తుంటే రెక్క ముల్లు గుచ్చుకుని చెయ్యంతా మంటలెత్తుతుంది కదా, దానికీ ఇదే.

వానాకాలంలో పడమటి తీరానికి బ్లూబాటిళ్ళు అనే కుట్టే సముద్రజీవులు కూడా కొట్టుకొస్తాయి. నీలం బుడగకు పొడుగాటి దారాలు వేలాడుతుంటాయి. 2018 ఆగస్టులో ముంబై బీచ్‌లలో చాలామందిని కుట్టినవి ఇవే. ఇసుకలో చచ్చి పడి ఉన్నా కుడతాయి, పిల్లలేమో ముద్దుగా ఉందని చేత్తో పట్టుకుంటారు. అవి కుడితే రుద్దకండి, మంచినీళ్ళు పోయకండి. అంటుకున్న దారాలను పట్టకారుతో తీసి, సముద్రపు నీళ్ళతోనే కడిగి, తర్వాత వేడినీళ్ళలో పెట్టండి. ఆస్ట్రేలియాలో బ్లూబాటిల్ కుట్టిన 96 మందిని పరిశీలించి 2006లో ఫలితాలు ప్రకటించారు. ఇరవై నిమిషాలకు వేడినీళ్ళు వాడినవాళ్ళలో 87 శాతం మందికి నొప్పి తగ్గితే, ఐసు పెట్టినవాళ్ళలో 33 శాతం మందికే తగ్గింది. మూత్రం పోయాలని ఎవరైనా అంటే గట్టిగా వద్దనండి. సున్నం, పసుపు, బురద కూడా వద్దు. ఊపిరి ఆడకపోయినా, ఛాతీ నొప్పి వచ్చినా, కంటి మీదో నోటి మీదో కుట్టినా ఇంటి వైద్యం పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికే.

సముద్రపు పాము కాటు సంగతి వేరు, అక్కడ వేడినీళ్ళు పనిచేయవు. కాటు నొప్పి పెద్దగా ఉండదు, అందుకే మోసపోతాం. కొన్ని గంటల తర్వాత ఒళ్ళంతా నొప్పులు, కనురెప్పలు వాలిపోవడం, మూత్రం నల్లబడటం. మన దేశంలో మామూలుగా వాడే పాముకాటు మందు నాగుపాము, కట్లపాము వంటి నాలుగు నేలపాముల కోసం తయారైంది, దీనికి సరిపోదు. కాటు పడ్డ చోట కొయ్యకండి, తాడు బిగించకండి. కాలో చెయ్యో కదలకుండా కర్ర కట్టి, మనిషిని నడిపించకుండా, వెంటిలేటరున్న పెద్దాసుపత్రికి చేర్చాలి.

ఇవన్నీ చదివితే రావు, చేతులతో చేసి చూడాలి. రెడ్‌క్రాస్ వాళ్ళు, సెయింట్ జాన్ అంబులెన్స్ వాళ్ళు ప్రథమ చికిత్స నేర్పిస్తారు. పదిమంది కలిసి వెళ్ళి, సముద్రపు గాయాల సంగతి కూడా చెప్పమని అడగండి. కార్పొరేషన్ తెలుగు బడుల్లో మన పిల్లలు చదువుతున్నారు, అక్కడి పంతులమ్మలను కూడా కలుపుకోండి. గుజరాతీలో చెప్పింది అత్తలకు, అమ్మమ్మలకు తెలుగులో విడమరిచి చెప్పేవాళ్ళు కావాలి.

మండపం కమిటీలో మగవాళ్ళు బ్యాండు గురించి, ట్రాక్టరు గురించి మాట్లాడుకునేటప్పుడు మీరూ వెళ్ళి కూర్చోండి. నీళ్ళలోకి దిగేవాళ్ళు చెప్పులు కాదు, కాలికి గట్టిగా పట్టి ఉండే బూట్లు వేసుకోవాలనీ, అడుగు ఎత్తకుండా ఇసుకలో ఈడ్చుకుంటూ నడవాలనీ, అలా నడిస్తే టేకు చేప ముందే పక్కకి తప్పుకుంటుందనీ చెప్పండి. వేడినీళ్ళ ఫ్లాస్కులు ఎవరు తెస్తారు, కాలు పట్టే బకెట్టు ఏ బండిలో పెడతారు, పట్టకారు ఎవరి సంచిలో ఉంటుంది, 108కి ఫోన్ చేసి గుజరాతీలో దారి చెప్పేది ఎవరు, ఈ నాలుగూ పేర్లతో సహా ఆ రోజే రాయించండి.